కమ్యూనిటీ కాలేజ్ టు యూనివర్సిటీ: రెండేళ్ల చదువు ఏడాదిలో పూర్తవుతుందా? తొందరలో లెక్క తప్పేది ఎక్కడంటే..

అమెరికాలో డిగ్రీ ఖర్చు తగ్గించుకోవాలంటే ముందుగా వినిపించే మాట కమ్యూనిటీ కాలేజ్. మొదటి రెండేళ్లు అక్కడ తక్కువ ఫీజుతో చదివి, మూడో ఏడాదికి పెద్ద యూనివర్సిటీలో చేరిపోవచ్చు. చివర్లో చేతికొచ్చే డిగ్రీ మాత్రం యూనివర్సిటీదే.

మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరే పద్ధతి ఉంది కదా. ఇంచుమించు అలాంటిదే ఇది. కాకపోతే అక్కడ ఈసెట్ లాంటి ఒకే పరీక్ష ఉండదు. ఏ కోర్సులు చదివారు, ఎన్ని మార్కులు వచ్చాయి, సమయానికి అప్లై చేశారా లేదా.. ఇవే లెక్క.

ఇప్పుడు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి. ఆ రెండేళ్లు కూడా ఎందుకు? ఏడాదిలోనో, ఏడాదిన్నరలోనో ముగించేసి ట్రాన్స్‌ఫర్ అయిపోలేమా? సాధ్యమా అంటే.. సాధ్యమే. కానీ ఎక్కువ కోర్సులు తీసుకుంటే త్వరగా అయిపోతుంది అనుకుంటే మాత్రం పొరపాటే. అసలు విషయం వేరే ఉంది. అమెరికాలోనే అతిపెద్ద కమ్యూనిటీ కాలేజ్ వ్యవస్థ ఉన్న కాలిఫోర్నియాను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ముందు డబ్బు లెక్క

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. రాష్ట్రంలో రెసిడెంట్‌గా లెక్కించే విద్యార్థికి ఒక్కో యూనిట్‌కు ఫీజు 46 డాలర్లు. యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి వెళ్లాలంటే సెమిస్టర్ లెక్కన 60 యూనిట్లు కావాలి. అంటే మొత్తం 2,760 డాలర్లు. పుస్తకాలు, ఇతర ఫీజులు అదనం.

అదే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీలో రెసిడెంట్‌కు కూడా ఏడాది ట్యూషన్, ఫీజులు కలిపి 14 వేల డాలర్లకు పైనే. నాన్ రెసిడెంట్ అయితే దానిమీద మరో 34 వేల డాలర్లకు పైగా అదనంగా కట్టాలి.

ఇక్కడ ఓ విషయం గమనించాలి. కమ్యూనిటీ కాలేజ్‌లో ఒక ఏడాది తగ్గించుకుంటే రెసిడెంట్‌కు ఫీజులో మిగిలేది 30 యూనిట్లకు 1,380 డాలర్లు మాత్రమే. తొందరపడి అవసరమైన కోర్సులు లేకుండా యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ ఒక ఏడాది అదనంగా చదవాల్సి వస్తే పోయేది దానికి పది రెట్లు. కాబట్టి తొందరపడటంలో అసలు లాభం ఫీజు కాదు, కాలం. ఆ కాలం నిజంగా మిగులుతుందా లేదా అన్నదే తేల్చుకోవాలి.

అసలు గడువు జూన్ కాదు.. నవంబర్!

చాలామంది లెక్క ఇలా ఉంటుంది. ఆగస్టులో కాలేజ్‌లో చేరతాం. వచ్చే మే కల్లా కోర్సులన్నీ అయిపోతాయి. ఆ ఆగస్టులో యూనివర్సిటీకి వెళ్లిపోతాం. పేపర్ మీద బాగానే ఉంది. కానీ మధ్యలో అప్లికేషన్ అనేది ఒకటుంది కదా!

యూసీలో ఫాల్ అడ్మిషన్లకు అప్లికేషన్లు సమర్పించే సమయం అక్టోబర్, నవంబర్ నెలలు. అంటే ఆగస్టులో చేరిన విద్యార్థి కాలేజ్ మొదలైన మూడు నెలలకే ట్రాన్స్‌ఫర్‌కు అప్లై చేయాలి. అప్పటికి ఒక్క సెమిస్టర్ గ్రేడ్ కూడా చేతిలో ఉండదు. జనవరిలో ఇచ్చే అప్‌డేట్‌లో ఫాల్ గ్రేడ్లు పంపిస్తారు. యూనివర్సిటీ చూసేది ఆ ఒక్క సెమిస్టర్‌నే. అందులో ఒక్క సబ్జెక్ట్ దెబ్బతిన్నా సర్దుకోవడానికి వెనుక వేరే గ్రేడ్లు ఉండవు.

ఇంకో తలుపు కూడా ముందే మూసుకుపోతుంది. యూసీలో ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ అనే పథకం ఉంది. దీన్ని ట్యాగ్ అంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్.. ఈ ఆరు క్యాంపస్‌లలో ఏదో ఒకదానికి నిర్ణీత కోర్సులు, జీపీఏ ఉంటే సీటు ముందే ఖాయం చేసుకోవచ్చు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలు ఇందులో లేవు. ఫాల్ అడ్మిషన్‌కు ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్‌లోనే పెట్టాలి. అప్పటికే సాధారణంగా 30 యూనిట్లు పూర్తయి ఉండాలి. ఆగస్టులో చేరిన విద్యార్థికి ఇది దాదాపు అసాధ్యం.

అంటే ఏడాది ప్లాన్ ఎంచుకున్న వారు గ్యారంటీ వదులుకుని పోటీలోకి దిగుతున్నట్టే. ఈ సంగతి ముందే తెలిసి దిగడం వేరు, సెప్టెంబర్‌లో తెలుసుకోవడం వేరు.

60 యూనిట్లు ఏడాదిలో ఎలా వస్తాయి?

ఒక ఉదాహరణ చూద్దాం. హైస్కూల్ అయిపోగానే జూన్‌లో సమ్మర్ సెషన్‌లో 8 యూనిట్లు. ఫాల్‌లో 17. జనవరిలో షార్ట్ సెషన్ ఉన్న కాలేజ్ అయితే అక్కడ 4. స్ప్రింగ్‌లో 17. మొత్తం 46. ఇంకా 14 తక్కువ!

మరి ఆ 14 ఎక్కడి నుంచి రావాలి? హైస్కూల్ నుంచే రావాలి. ఒకటి, ఏపీ పరీక్షలు. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఈ పరీక్షల్లో 3 లేదా అంతకంటే ఎక్కువ స్కోర్ వస్తే యూసీ యూనిట్లు ఇస్తుంది. రెండోది, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. అంటే హైస్కూల్‌లో ఉండగానే కమ్యూనిటీ కాలేజ్ క్లాసులు చదవడం.

కాబట్టి ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ అవ్వడం అనేది కాలేజ్‌లో చేరాక తీసుకునే నిర్ణయం కాదు. పదకొండు, పన్నెండు తరగతుల్లో ఏం చదివారు అన్నదే దాన్ని తేల్చేస్తుంది. బంధువుల అబ్బాయి ఏడాదిలో వెళ్లిపోయాడట అని విన్నప్పుడు, వాడు ఎన్ని ఏపీ యూనిట్లతో వచ్చాడో కూడా అడగాలి.

యూసీ ఫాల్ అడ్మిషన్‌కు అర్హత కోర్సులు, 60 యూనిట్లు అంతకుముందు స్ప్రింగ్ ముగిసేలోపే పూర్తి కావాలి. యూనివర్సిటీకి వెళ్లే ముందు సమ్మర్‌లో మిగిలినవి చదివేస్తాం అంటే కుదరదు.

వారానికి 51 గంటలు.. చదవగలరా?

17 యూనిట్లు అంటే చిన్న విషయం కాదు. క్లాసు, ఇంట్లో చదువు కలిపి ఒక్కో యూనిట్‌కు వారానికి సుమారు 3 గంటలు పడుతుంది. ఆ లెక్కన 17 యూనిట్లకు వారానికి 51 గంటలు. పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా చేస్తుంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. చాలా కాలేజీల్లో 18 యూనిట్ల ప్రాంతంలో పరిమితి ఉంటుంది. అది దాటాలంటే కౌన్సెలర్ అనుమతి కావాలి.

సమ్మర్ అయితే ఇంకా వేగం. 3 యూనిట్ల కోర్సును 6 వారాల్లో ముగిస్తారు. అంటే ఒక్క కోర్సుకే వారానికి 24 గంటలు. అందుకే సమ్మర్‌లో క్యాలిక్యులస్, ఫిజిక్స్ లాంటివి రెండు కలిపి తీసుకోవడం చాలామందికి బెడిసికొడుతుంది. ఒక C గ్రేడ్ అప్లికేషన్‌లో ఎప్పటికీ కనిపిస్తుంది. మిగిలిన మూడు నెలల కంటే దాని ఖరీదు ఎక్కువ కావచ్చు.

యూనిట్ల కంటే ముఖ్యం.. గొలుసు

60 యూనిట్లు ఉన్నాయి కదా, సీటు వచ్చేస్తుంది అనుకోవద్దు. ఏ మేజర్‌కు వెళ్తున్నారో దానికి ముందుగా పూర్తి చేయాల్సిన కోర్సులు ఉంటాయి. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చూసే కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్‌లలో అయితే ఇవి ఒకదాని వెనుక ఒకటి గొలుసులా ఉంటాయి.

క్యాలిక్యులస్ 1 పాసైతేనే క్యాలిక్యులస్ 2. అది అయితేనే మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్. తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో మెకానిక్స్‌కు క్యాలిక్యులస్ కావాలి. ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజం కోర్సుకు మెకానిక్స్ కావాలి. ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు అయితేనే డేటా స్ట్రక్చర్స్.

ఈ గొలుసును డబ్బు పెట్టి తగ్గించలేం, కష్టపడి తగ్గించలేం. ఒక టర్మ్‌లో ఒక్క మెట్టే ఎక్కగలం. ఆగస్టులో క్యాలిక్యులస్ 1తో మొదలుపెట్టిన విద్యార్థి మే నాటికి క్యాలిక్యులస్ 2 దగ్గరే ఉంటాడు. అదే ఏపీలో క్యాలిక్యులస్ బీసీ మంచి స్కోర్‌తో పాసైన విద్యార్థి నేరుగా మూడో మెట్టు మీద మొదలుపెడతాడు. ఇద్దరికీ ఒకే తెలివి ఉండొచ్చు. క్యాలెండర్ మాత్రం ఒకటి కాదు.

సైకాలజీ, ఎకనామిక్స్, హిస్టరీ లాంటి మేజర్లలో ఈ గొలుసు చిన్నది. అందుకే ఏడాది ప్లాన్ ఆ వైపు వారికి ఎక్కువగా కుదురుతుంది.

కాలేజ్ క్యాలెండర్ కూడా చూసుకోవాలి. కూపర్టినోలోని డి ఆంజా, దాని పక్కనే ఉన్న ఫుట్‌హిల్ లాంటి కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఏడాదికి మూడు టర్మ్‌లు, సమ్మర్ అదనం. మెట్లు ఎక్కువ, ఒక్కోటీ చిన్నది. అక్కడ కావాల్సింది 60 కాదు, 90 క్వార్టర్ యూనిట్లు.

తొందరలో చేసే నాలుగు పనులు

1. దొరికిన కోర్సు తీసుకోవడం. యూనిట్లు నిండుతాయి కానీ మేజర్‌కు పనికిరావు. కమ్యూనిటీ కాలేజ్ నుంచి యూసీ లెక్కలోకి తీసుకునే యూనిట్లు కూడా గరిష్ఠంగా 70 సెమిస్టర్ యూనిట్లే.

2. క్లెప్ పరీక్షలు నమ్ముకోవడం. పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే ఈ పద్ధతిని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కొన్ని సబ్జెక్టులకు ఒప్పుకుంటుంది. యూసీ మాత్రం క్లెప్‌కు క్రెడిట్ ఇవ్వదు. రెండూ వేరువేరు వ్యవస్థలని మర్చిపోకూడదు.

3. ఒక సిరీస్‌ను రెండు కాలేజీల్లో ముక్కలు చేయడం. సీటు దొరకలేదని ఫిజిక్స్ మొదటి భాగం ఒకచోట, రెండో భాగం ఇంకోచోట చదివితే కొన్నిసార్లు అది పూర్తి సిరీస్‌గా లెక్కకు రాదు. ఒకటి సెమిస్టర్ కాలేజ్, ఇంకోటి క్వార్టర్ కాలేజ్ అయితే చిక్కు ఇంకా ఎక్కువ.

4. జనరల్ ఎడ్యుకేషన్ ముందు ముగించేయడం. 2025 ఫాల్ నుంచి యూసీ, స్టేట్ యూనివర్సిటీ రెండింటికీ కలిపి కాల్ జెటెక్ అనే ఒకే పద్ధతి వచ్చింది. అందులో 11 కోర్సులు, 34 యూనిట్లు. ఇంజినీరింగ్, సైన్స్ వారు వీటితో మొదలుపెడితే మేజర్ గొలుసు వెనకపడిపోతుంది. వారికి మేజర్ కోర్సులే ముందు.

అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య కాలేజ్ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అంచనా. చదివారు, ఫీజు కట్టారు, పాసయ్యారు.. కానీ కొత్త కాలేజ్ లెక్కలోకి తీసుకోలేదు. తొందరగా పరుగెత్తే వారికి ఈ నష్టం ఇంకా బరువు.

మరి కుదిరే దారి ఏది?

చాలామంది గమనించని దారి ఒకటుంది. జనవరిలో మొదలుపెట్టడం. స్ప్రింగ్‌లో 17 యూనిట్లు, సమ్మర్‌లో 9, ఫాల్‌లో 17, మళ్లీ స్ప్రింగ్‌లో 17. మొత్తం సరిగ్గా 60. ఏపీ యూనిట్లు ఒక్కటి కూడా లేకపోయినా ఏడాదిన్నరలో పని పూర్తవుతుంది. నవంబర్‌లో అప్లై చేసేటప్పుడు స్ప్రింగ్, సమ్మర్ రెండు టర్మ్‌ల గ్రేడ్లు చేతిలో ఉంటాయి. క్యాలిక్యులస్ గొలుసు కూడా ఈ నాలుగు టర్మ్‌లలో పడుతుంది. ఏపీ యూనిట్లు నాలుగైదు ఉంటే సెప్టెంబర్‌కు 30 దాటి ట్యాగ్‌కు కూడా అవకాశం ఉంటుంది.

అదే ఏడాదిన్నరను ఆగస్టులో మొదలుపెడితే కథ మారిపోతుంది. కోర్సులు డిసెంబర్‌కు అయిపోతాయి. కానీ బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను ఫాల్‌లోనే తీసుకుంటాయి. అంటే మళ్లీ ఆగస్టు దాకా ఆగాల్సిందే. ఆరు నెలలు పరుగెత్తి, ఎనిమిది నెలలు కూర్చున్నట్టు.

స్టేట్ యూనివర్సిటీ చాలనుకునే వారికి 2010 చట్టంతో వచ్చిన అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ ఉంది. 60 యూనిట్ల ఈ డిగ్రీ పూర్తి చేస్తే ఆ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు హామీ. అక్కడ మరో 60 యూనిట్లతో బ్యాచిలర్స్ పూర్తవుతుంది. కోరుకున్న క్యాంపస్సే వస్తుందన్న హామీ మాత్రం లేదు.

టెక్సాస్‌లో ఉండే వారికి నియమాలు వేరు. అక్కడ 42 గంటల కోర్ కరిక్యులమ్ పూర్తి చేస్తే ఏ పబ్లిక్ యూనివర్సిటీ అయినా దాన్ని తమ కోర్ స్థానంలో అంగీకరించాలి. కానీ అక్కడ కూడా మేజర్ కోర్సుల గొలుసు గొలుసే.

వీసా మీద ఉన్నవారు ఇవి చూసుకోవాలి

హైదరాబాద్, విజయవాడ నుంచి ఎఫ్-1 వీసాపై నేరుగా కమ్యూనిటీ కాలేజ్‌కు వెళ్లేవారికి 46 డాలర్ల ఫీజు వర్తించదు. నాన్ రెసిడెంట్ ఫీజు కలిపితే చాలా కాలేజీల్లో యూనిట్‌కు 300 డాలర్లు దాటుతుంది. సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు తప్పనిసరి. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే 3 యూనిట్లే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో వేగంగా ముగించే ప్లాన్ వీరికి పెద్దగా పనికిరాదు. ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు సెవిస్ రికార్డును కొత్త యూనివర్సిటీకి మార్పించుకోవాలి. చదువుల మధ్య ఖాళీ 5 నెలలు దాటకూడదు. డిసెంబర్‌లో ముగించి ఆగస్టుకు చేరదాం అనుకునే వారికి ఇది నేరుగా తగిలే నియమం.

హెచ్-4పై ఉన్న పిల్లల ఇళ్లలో తొందరకు కారణం ఇంకోటి. 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. ఎక్కువమంది ఎఫ్-1కు మారతారు. ఏడాది ముందే డిగ్రీ అయిపోతే ఈ గొడవ ఉండదని కొందరి ఆశ. కానీ 18 ఏళ్లకు హైస్కూల్ ముగించిన వారు ఏడాది తగ్గించుకున్నా డిగ్రీ చేతికొచ్చే సరికి 21 దగ్గర్లోనే ఉంటారు. పుట్టినరోజును చదువు వేగం ఆపలేదు. దానికి ముందుగా వీసా మార్పు ప్లాన్ వేరుగా ఉండాలి. వీసా మారితే ఫీజు కేటగిరీ మారుతుందా అన్నది యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో మూడేళ్లు హైస్కూల్ చదివి అక్కడే పాసైన వారికి నాన్ రెసిడెంట్ ఫీజు మినహాయింపు చట్టం ఉంది. అది ఏ వీసాకు, ఏ వ్యవస్థలో వర్తిస్తుందో కూడా అక్కడే అడగాలి.

చేరే ముందు చేయాల్సిన పని

ప్లాన్ ముందు నుంచి కాదు, వెనుక నుంచి వేసుకోవాలి. ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ అన్నది రెండు మూడు పేర్లకు తెచ్చుకోవాలి. అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో మీ కమ్యూనిటీ కాలేజ్ పేరు, వెళ్లాల్సిన యూనివర్సిటీ పేరు పెడితే ఏ కోర్సుకు ఏ కోర్సు సమానమో ఉచితంగా కనిపిస్తుంది. ఆ జాబితాను ఒక కాగితం మీద టర్మ్‌ల వారీగా రాసుకోవాలి. ఏ కోర్సుకు ముందు ఏది కావాలో గీతలు గీసుకోవాలి. అందులో పొడవైన గొలుసు ఎన్ని టర్మ్‌లు పడుతుందో.. మీ ట్రాన్స్‌ఫర్‌కు పట్టే కనీస సమయం అదే.

ఆ కాగితం తీసుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే అరగంటలో తేలిపోతుంది. ఏపీ స్కోర్లు కమ్యూనిటీ కాలేజ్‌కే కాదు, చేరబోయే యూనివర్సిటీకి కూడా పంపించాలి. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో చదివిన కాలేజ్ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అంతే.

గొలుసు మూడు టర్మ్‌లు, చేతిలో ఏపీ యూనిట్లు ఉన్నాయి అంటే ఏడాది ప్లాన్ ధైర్యంగా వేసుకోవచ్చు. గొలుసు నాలుగైదు టర్మ్‌లు, చేతిలో ఏమీ లేవు అంటే రెండేళ్లే దగ్గర దారి. నాలుగేళ్లలో ముగియాల్సిన డిగ్రీ నాలుగేళ్లకే ముగియడం ఆలస్యం కాదు. మూడేళ్లన్న ఆశతో మొదలుపెట్టి ఐదేళ్లకు తేలడమే అసలు ఆలస్యం.